కోట దగ్గరి ఫిడేలు పనివారి కొట్టు: కచేరీలు మొదలుపెట్టిన అమ్మాయికి ఎంతవరకు పనికొస్తుంది

విజయనగరం కోటకు కూతవేటు దూరంలో, ఒక సందు చివర ఉందీ కొట్టు. బోర్డు లేదు. తండ్రీ కొడుకూ ఇద్దరే పనివారు. వయొలిన్ బాగుచేయడం, కమానుకు వెంట్రుకలు మార్చడం, కొత్తగా కొన్న వాయిద్యాన్ని కర్ణాటక సంగీతానికి అనువుగా తయారుచేయడం వీరి పని. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. చెక్క పని చాలా బాగుంది. కమాను పని ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. మైకు పికప్పు (వాయిద్యానికే తగిలించే చిన్న మైకు) బిగించే పని మాత్రం ఇక్కడ చేయించకండి.

ఈ సమీక్ష అందరికీ కాదు. సంగీత కళాశాలలో డిప్లొమా పూర్తిచేసి, ఇరవై రెండు ఇరవై మూడేళ్ల వయసులో అప్పుడప్పుడే కచేరీలకు పిలుపులు అందుకుంటున్న అమ్మాయిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. ఆమె దగ్గర ఉండేది సాధారణంగా నేర్చుకునే రోజుల్లో కొన్న మామూలు వయొలిన్. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో ఒకరికి పక్కవాద్యం, దసరాల్లో గుడిలో ఇంకొకరికి, మధ్యలో ఒక నాట్య ప్రదర్శన, ఆపైన ఆకాశవాణి ఆడిషను. ఇవన్నీ ఒకే వాయిద్యంతో నెట్టుకురావాలి. అప్పుడు ఇంట్లో మొదలయ్యే చర్చ ఒకటే: అప్పోసప్పో చేసి ఖరీదైన వయొలిన్ కొనాలా, ఉన్నదాన్నే బాగుచేయించాలా? ఉన్నదాన్ని సరిగా బాగుచేయించి కనీసం రెండేళ్లు వాయించాకే కొత్తది కొనాలని మా గట్టి నమ్మకం. ఖరీదైన వయొలిన్ కూడా అమరిక సరిగా లేకపోతే అరుస్తుంది. మామూలు వయొలిన్ అమరిక కుదిరితే ఆరాధన వేదిక మీద నిలబడుతుంది.

ఈ ఊళ్లో ఫిడేలు నేర్పేవారికి ఎప్పుడూ కొదవ లేదు. 1919లో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలు. ఆ ఏడాదే వయొలిన్ ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1936లో ప్రిన్సిపాలయ్యారు. ఆయన్ను జనం ఫిడేలు నాయుడు గారనే పిలుచుకున్నారు. ఇక్కడే పుట్టిన అవసరాల కన్యాకుమారి గారు మొదట ఇవటూరి విజయేశ్వరరావు గారి దగ్గర నేర్చుకుని, మద్రాసు వెళ్లి, ఎం.ఎల్. వసంతకుమారి గారికి ఏళ్ల తరబడి పక్కవాద్యం వాయించి, 2016లో సంగీత కళానిధి అయ్యారు. ఇన్నేళ్లుగా ఇంత విద్య ఉన్న చోట కూడా చెక్క పని తెలిసిన మనిషి దొరకడం కష్టమే. సౌండ్ పోస్టు (లోపల రెండు పలకల మధ్య నిలబెట్టే సన్నటి కర్ర) పడిపోతే వాయిద్యాన్ని చెన్నైకి పంపాలి, లేదా తెలిసీ తెలియని వడ్రంగి చేతిలో పెట్టాలి. బొబ్బిలి వీణ చేసే పనివారి చేతుల్లో గొప్ప విద్య ఉంది కానీ అది వేరే విద్య. పనస మొద్దును తొలిచి చేసే వీణకూ, మూడు మిల్లీమీటర్ల పలుచటి పలకలు సరేసుతో (తోలు జిగురు) అతికించి చేసే వయొలిన్‌కూ మరమ్మతు ఒకటి కాదు.

ఈ కొట్టులో చేయించిన రెండు వాయిద్యాలను దగ్గరగా చూసి ఈ మాటలు రాస్తున్నాం. రెండూ పూర్తి సైజువి, ఒకే అమ్మాయివి. ఒకటి ఐదున్నర శ్రుతికి (షడ్జం జి షార్ప్ దగ్గర), రెండోది మగవారి శ్రుతికి.

మొదటిది వచ్చేనాటికి దాని పరిస్థితి ఇదీ. వేళ్లు నొక్కే ఫింగర్ బోర్డు చివర నాలుగో తీగ ఎత్తు 6 మిల్లీమీటర్ల పైన, మొదటి తీగ ఎత్తు నాలుగున్నర. తీగల్ని మోసే బ్రిడ్జి ఫింగర్ బోర్డు వైపు వాలిపోయి ఉంది. కింది అంచున, చిన్ రెస్టు దగ్గర, పై పలక అతుకు రెండు అంగుళాల మేర విడిపోయింది. బిరడలు వానాకాలంలో బిగుసుకుపోయి, ఎండాకాలంలో జారిపోయేవి. మెడ మీద దట్టంగా వార్నిషు.

పెద్దాయన ముందు చేసిన పని తీగలు వదులు చేసి, వేలి కణుపుతో అంచు చుట్టూ తట్టుతూ వినడం. అతుకు బాగున్నచోట గట్టి శబ్దం వస్తుంది, విడిపోయినచోట డొల్లగా, చిన్నగా చిటపటమంటుంది. కచేరీలో ఒకే ఒక్క స్వరం దగ్గర మాత్రం బుర్రుమని వినిపించే మోతకు చాలాసార్లు కారణం ఇదే. వాయించే మనిషి తీగల్ని అనుమానించి కొత్తవి కొంటుంది, మోత పోదు. విడిపోయిన అతుకులో వేడి సరేసు పట్టించి, బిగింపులు వేసి ఒక రాత్రంతా ఉంచారు. ఈ ఒక్క విషయానికే ఈ కొట్టును మెచ్చుకోవాలి. చాలాచోట్ల ఇక్కడ ఫెవికాల్ వేసేస్తారు. సరేసు అతుకు వేడినీటి తడి తగిలితే మళ్లీ శుభ్రంగా విడిపోతుంది. చెక్క ఉబ్బినా కుంచించుకున్నా ముందు అతుకే వదులుతుంది, పలక పగలదు. ఫెవికాల్ పట్టిస్తే అతుకు కదలదు, ఆ బలం పలక మీద పడి చీలిక వస్తుంది. తర్వాత విప్పాలన్నా చెక్క పొరతో సహా లేచిపోతుంది. ఉప్పుగాలి తగిలే మన ఉత్తరాంధ్రలో వాయిద్యం ఏడాదికి రెండుసార్లు ఉబ్బి, కుంచించుకుంటుంది కాబట్టి ఈ తేడా ఇక్కడ ఇంకా ముఖ్యం.

తర్వాత బ్రిడ్జి. పాతదాన్నే చెక్కి సరిచేయమని అడిగితే ఒప్పుకోలేదు. ఒకసారి వంగిన బ్రిడ్జి మళ్లీ వంగుతుందన్నారు, నిజమే. కొత్త బ్రిడ్జి కాళ్లను పై పలక ఉబ్బుకు అతికినట్టు గీకారు. కాలి కింద పల్చటి కాగితం కూడా దూరకూడదు, దూరింది కూడా లేదు. పై అంచు మందం 1.3 మిల్లీమీటర్లు. తీగల గాడి లోతు తీగ మందంలో మూడో వంతు మాత్రమే. గాడి లోతుగా కోస్తే తీగ అందులో ఇరుక్కుని, బిరడ తిప్పినప్పుడల్లా బ్రిడ్జిని ముందుకు లాగుతుంది. బ్రిడ్జి వాలిపోవడానికి మూలం అదే. గాడిలో మెత్తటి పెన్సిల్ ముల్లు రుద్ది పంపారు. తీగ మార్చిన ప్రతిసారీ ఇంట్లో మీరే రుద్దుకోవచ్చు. బ్రిడ్జికి, తీగల కింది చివరలు తగిలించే టెయిల్ పీసు వైపు ముఖం పలకకు సరిగ్గా 90 డిగ్రీల్లో నిలబడాలి. పోస్టుకార్డు మూల ఆనించి చూస్తే తెలిసిపోతుంది.

తీగల ఎత్తు ఇప్పుడు నాలుగో తీగ దగ్గర నాలుగున్నర, మొదటి తీగ దగ్గర 3 మిల్లీమీటర్లు. పాశ్చాత్య పద్ధతిలో మామూలుగా ఉంచే ఎత్తుకంటే ఇది కొంచెం తక్కువ. గమకానికి తీగ మీద వేలు పైకీ కిందికీ జారుతూనే ఉండాలి కాబట్టి ఆ కాస్త తగ్గింపు చేతికి ఎంతో తేలిక. ఇంకా తగ్గించమని అడిగితే కొడుకు వద్దన్నాడు. నెరవల్లో కమాను ఒత్తి లాగితే తీగ ఫింగర్ బోర్డుకు తగిలి గరగరమంటుంది. బిరడల వైపు తీగలు ఆనే నట్టు దగ్గర కూడా చూశారు. విజిటింగ్ కార్డు ఒకటి తీగ కిందికి ఒరుసుకుంటూ దూరాలి, అంతే సందు ఉండాలి. నట్టు ఎత్తుగా ఉంటే రిషభం దగ్గర వేలు నొప్పెడుతుంది, స్వరం కూడా తెలియకుండానే పెరుగుతుంది. చిన్నప్పటి నుంచి అలాంటి వయొలిన్ వాయించిన పిల్లలు శుద్ధ రిషభం కొంచెం హెచ్చుగా పట్టడం అలవాటు చేసుకుంటారు. గురువులు వేలిని తిడతారు, తప్పు నట్టుది.

ఫింగర్ బోర్డు మీద మొదటి రెండు తీగల కింద చారలు పడ్డాయి. ఇది మన వాయింపులో సహజం. స్టీలు స్కేలు నిలువుగా ఆనించి వెలుతురుకు ఎదురుగా పెడితే గాడి కనిపిస్తుంది. స్క్రేపరుతో గీకి సాపు చేశారు. మధ్యలో అర మిల్లీమీటరు పైచిలుకు పల్లం ఉంచారు, అది కావాలనే ఉంచేది. పూర్తిగా తిన్నగా ఉంటే తీగ ఊగినప్పుడు తగులుతుంది. మీ ఫింగర్ బోర్డు నల్లచేవ కర్ర కాకుండా తెల్ల చెక్కకు నల్ల రంగు పూసినదైతే, వాయించాక వేలికి నలుపు అంటుతుంది. అలాంటిదాన్ని ఒక్కసారికంటే ఎక్కువ గీకలేరు. ఆ మాట వాళ్లే ముందు చెబుతారు.

మెడ దగ్గర వీరి తెలివి బాగా కనిపించింది. చెయ్యి చిన్నది, మెడ సన్నం చేయమని అమ్మాయి అడిగింది. కొలిచి చూస్తే నట్టు దగ్గర 19, మడమ దగ్గర 21 మిల్లీమీటర్లు. ఇది సరైన కొలతే. సన్నం చేస్తే తీగల బిగువుకు మెడ ముందుకు వంగుతుందని చెప్పి ఆ పని చేయలేదు. చేయాల్సింది వేరే ఉందని చూపించారు. చేతికి చెమట పట్టినప్పుడు బొటనవేలు వార్నిషుకు అంటుకుంటోంది. కాంభోజిలో పంచమం నుంచి తారస్థాయికి జారేటప్పుడు చెయ్యి అక్కడ ఒక్క క్షణం ఆగి కదులుతోంది. అమ్మాయి దాన్ని చెయ్యి చిన్నదవడం అనుకుంది. మెడ మీది వార్నిషు మాత్రం సన్నటి కాగితంతో తీసేసి, ఉట్టి చెక్కకు అవిసె నూనె పల్చగా పట్టించి, గుడ్డతో తుడిచి, మర్నాడు మళ్లీ పట్టించారు. ఇప్పుడు చెయ్యి నూనె రాసినట్టు జారుతుంది, అంటుకోదు. చేతి సైజు గురించి బెంగపడి ఎనిమిదో వంతు తగ్గిన (7/8 సైజు) చిన్న వయొలిన్ కొనబోయే అమ్మాయిలు ముందు ఈ పని చేయించుకుని చూడాలి. మన పద్ధతిలో చెయ్యి ఒకచోట నిలిపి వేళ్లు సాచే అవసరం తక్కువ, చెయ్యే ప్రయాణిస్తుంది. పూర్తి సైజు వయొలిన్ గొంతు పెద్దది, దాన్ని తేలిగ్గా వదులుకోకూడదు.

సౌండ్ పోస్టును బ్రిడ్జి కుడికాలికి రెండున్నర మిల్లీమీటర్లు వెనక నిలబెట్టారు. కాస్త లోపలికీ బయటికీ జరిపి, నాలుగు తీగల మీదా మంద్ర షడ్జం నుంచి తార షడ్జం దాకా వాయించమని అడిగి విన్నారు. ఇలా వాయించే మనిషిని కూర్చోబెట్టి చేయడమే సరైన పద్ధతి. అందుకని వాయిద్యాన్ని ఎవరి చేతో పంపకండి, మీరే వెళ్లండి. ఇంటి దగ్గర నాలుగు తీగలూ ఒకేసారి విప్పకండి. ఆ పోస్టుకు జిగురు ఉండదు, తీగల బిగువు మీదే నిలబడుతుంది. విప్పితే పడిపోతుంది, మళ్లీ విజయనగరం ప్రయాణం.

ఇక శ్రుతి సంగతి. ఈ కొట్టును మిగతావాటి నుంచి వేరు చేసేది ఇదే, కచేరీలు మొదలుపెట్టిన అమ్మాయికి అన్నిటికంటే అవసరమైనదీ ఇదే.

పాశ్చాత్య పద్ధతిలో నాలుగో తీగ నుంచి మొదటిదాకా వరుసగా జి, డి, ఎ, ఇ. తీగలు తయారుచేసేవారు ఆ స్థాయికే బిగువు లెక్కగట్టి చేస్తారు. మనం నాలుగో తీగను మంద్ర షడ్జం, మూడోదాన్ని మంద్ర పంచమం, రెండోదాన్ని మధ్య షడ్జం, మొదటిదాన్ని మధ్య పంచమం చేస్తాం. ఐదున్నర శ్రుతిలో పాడే గాయనికి వాయిస్తే కింది రెండు తీగలూ ఒక్కో స్వరస్థానం (స్థాయిలోని పన్నెండు మెట్లలో ఒకటి) పైకి, పై రెండూ ఒక్కో స్వరస్థానం కిందికి వెళతాయి. బిగువు కింది తీగల్లో 12 శాతం పెరుగుతుంది, పై తీగల్లో 11 శాతం తగ్గుతుంది. వాయిద్యం దీన్ని హాయిగా తట్టుకుంటుంది. 6 శ్రుతికి (షడ్జం ఎ దగ్గర) వెళితే పై రెండూ తయారీ స్థాయిలోనే ఉంటాయి, కింది రెండూ రెండేసి స్వరస్థానాలు పెరిగి, బిగువు 26 శాతం ఎక్కువవుతుంది. రోజంతా అలాగే ఉంచితే బ్రిడ్జి వాలవచ్చు, తీగ తెగవచ్చు. అందుకే 6 శ్రుతి కచేరీ అయ్యాక ఇంటికొచ్చి కింది రెండు తీగలూ ఒక స్వరస్థానం దించి పెట్టెలో పెట్టాలి.

చిక్కంతా మగవారికి వాయించేటప్పుడు. ఒకటిన్నర శ్రుతిలో (షడ్జం సి షార్ప్ దగ్గర) పాడే గాయకుడికి అదే తీగలు దించితే కింది రెండూ ఆరేసి స్వరస్థానాలు, పై రెండూ ఎనిమిదేసి స్వరస్థానాలు దిగాలి. ఆరు దిగితే బిగువు సరిగ్గా సగమవుతుంది. ఎనిమిది దిగితే 40 శాతమే మిగులుతుంది. అంటే మొదటి తీగలో ఐదు వంతులకు మూడు వంతుల బిగువు పోయింది. కమాను ఒత్తగానే శ్రుతి పెరుగుతుంది, వదలగానే తగ్గుతుంది. గమకంలో వేలు లాగితే తీగ పక్కకు జరిగిపోతుంది. ఆ రాత్రి ప్రేక్షకులు అనుకునేది ఒకటే, అమ్మాయికి శ్రుతి నిలవలేదని. పేరు రావాల్సిన వయసులో ఒక్క కచేరీలో ఇలా జరిగితే ఆ మాట ఊళ్లు తిరుగుతుంది. ఆ అమ్మాయి తప్పు అందులో రవ్వంత కూడా ఉండకపోవచ్చు. ఇది చూసినప్పుడల్లా మాకు బాధ కలుగుతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

ఈ కొట్టులో రెండో వయొలిన్‌కు చేసిన పని చూడండి. మొదటి తీగ స్థానంలో ఇ తీగ తీసేసి ఎ తీగ వేశారు. రెండో స్థానంలో డి, మూడో స్థానంలో జి వేశారు. నాలుగో స్థానంలో వయోలాకు (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాయిద్యం) వేసే సి తీగ. ఇప్పుడు ఒకటిన్నర శ్రుతికి ఎ, డి తీగలు ఒక్కో స్వరస్థానం దిగితే చాలు, జి, సి తీగలు ఒక్కో స్వరస్థానం పెరిగితే చాలు. ఐదున్నర శ్రుతి వయొలిన్‌లో ఉన్న హాయే ఇక్కడా వచ్చింది. ఇలా వేసేటప్పుడు మూడు పనులు మరచిపోకూడదు. నట్టు గాడులూ బ్రిడ్జి గాడులూ లావు తీగలకు సరిపడా వెడల్పు చేయాలి, లేకపోతే తీగ గాడి పైన కూర్చుని కొట్టుకుంటుంది. కింది శ్రుతిలో తీగ వెడల్పుగా ఊగుతుంది కాబట్టి ఎత్తు కొంచెం పెంచాలి. ఇక్కడ నాలుగో తీగ దగ్గర 5, మొదటి దగ్గర మూడున్నర ఉంచారు. మూడోది, వయోలా తీగ పలికే నిడివి వయొలిన్ మీద తక్కువ కాబట్టి కొంత వదులుగానే ఉంటుంది. నాలుగో తీగ మీద కమాను బరువు తగ్గించి, వేగం పెంచి లాగడం సాధన చేయాలి. మొదటి నాలుగు రోజులు అది గొణుగుతున్నట్టు అనిపిస్తుంది, కంగారు పడవద్దు.

రెండో వయొలిన్ ఖరీదైనది కానక్కరలేదు. చుట్టాల ఇంట్లో మూలనపడ్డ పాత వాయిద్యం, పలక పగలనిదైతే, ఈ పనికి సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లు కలిసి ఒకటి ఉంచుకున్నా మంచిదే.

తీగల ఎంపికలో వీరు స్టీలు తీగలవైపు మొగ్గుతారు. డామినెంట్ లాంటి సింథటిక్ తీగల గొంతు మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. కానీ కొత్తవి వేశాక నిలకడకు మూడు నాలుగు రోజులు తీసుకుంటాయి, చెమట చేతికి తొందరగా మూగబోతాయి, ధర ఎక్కువ. స్టీలువి ఒక రోజులో కుదురుకుంటాయి, జారుడు గమకానికి వెంటనే పలుకుతాయి. నెలకు రెండు మూడు కచేరీలే ఉన్న దశలో స్టీలు తీగలు, నాలుగింటికీ ఫైన్ ట్యూనర్లు ఉన్న టెయిల్ పీసు సరైన ఎంపికే. కాకపోతే మొదటి తీగ కొన్ని వయొలిన్ల మీద ఈలలా కుట్టినట్టు పలుకుతుంది. బ్రిడ్జి మీద ఆ తీగ కింద చిన్న తోలు ముక్క పెట్టి అది తగ్గించారు. ఆడిషనుకు వారం ముందు తీగలు మార్చండి, ముందురోజు కాదు.

అమ్మాయిలు కూర్చునే తీరు గురించి కూడా పెద్దాయన ఆలోచించారు, అది మాకు బాగా నచ్చింది. మనం కింద కూర్చుని వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనిస్తాం, రెండో చివర ఎడమ భుజం కింద ఎముకకు ఆనుతుంది. పట్టుచీర మీద తల జారుతుంది. జరీ అంచు వార్నిషును సన్నగా గీస్తుంది, మెడలో గొలుసు వెనక పలకను కొడుతూ ఉంటుంది. ఎడమచేతి గాజులు పలక భుజానికి తగిలి, మైకులో టక్కుమని వినిపిస్తాయి. తారస్థాయికి చెయ్యి వెళ్లినప్పుడల్లా అదే. వయొలిన్ తల కింద కుట్టడానికి మెత్తటి తోలు ముక్క, వెనక పలకకు కట్టుకునే నూలు గుడ్డ వీరు ఇస్తారు. తల దగ్గర తోలు మాత్రం బిరడలకు తగలకుండా కుట్టించుకోండి. బిరడ తోలుకు ఒరుసుకుంటే కచేరీ మధ్యలో శ్రుతి జారుతుంది. గాజులు ఎడమచేతికి వేసుకోకుండా ఉంటే మంచిది, ఇంట్లో పెద్దలు ఒప్పుకోకపోతే ఒక్కటే, చేతికి బిగుతుగా ఉన్నది వేసుకోండి.

బిరడలకు పేస్టు రాసి, రంధ్రాలను వాటి వాలుకు తగ్గట్టు సాపు చేశారు. ఇంట్లో బిగుసుకుంటే కొబ్బరినూనె వేయకండి, చెక్క పీల్చుకుని ఇక ఎప్పటికీ జారుతుంది. జారితే సుద్దముక్క, బిగుసుకుంటే ఎండిన సబ్బు ముక్క చాలు.

ఇప్పుడు లోపాలు. కమానుకు వెంట్రుకలు మార్చిన పని మొదటిసారి బాగాలేదు. వెంట్రుకలు పొడుగ్గా కోశారు. ఎండలు ఉన్నప్పుడు తెలియలేదు. వానలు పడగానే గుర్రపు వెంట్రుక చెమ్మ పీల్చి సాగుతుంది, మర చివరి దాకా తిప్పినా బిగువు రాలేదు. పైగా ఒక అంచున వెంట్రుకలు చిక్కగా, ఇంకో అంచున పల్చగా ఉన్నాయి. అందుకే లాగేటప్పుడు కమాను ఒక పక్కకు వంగేది. తీసుకెళ్లి చూపిస్తే మాట అనకుండా మళ్లీ కట్టారు, డబ్బులు అడగలేదు, రెండోసారి బాగుంది. మీరు తీసుకునేటప్పుడు అక్కడే చూసుకోండి. మర పూర్తిగా వదులు చేస్తే వెంట్రుకలు కర్రకు దాదాపు ఆనాలి, పూర్తిగా వేలాడకూడదు. నాలుగైదు చుట్లకే వాయించే బిగువు రావాలి, అప్పుడు మధ్యలో కర్రకూ వెంట్రుకలకూ మధ్య పెన్సిలంత సందు ఉండాలి. మరీ పొట్టిగా కట్టినా ప్రమాదమే, ఎండాకాలంలో కమాను వదులు కాక కర్ర వంపు పోతుంది. కొత్త వెంట్రుకలకు రోజిన్ పట్టడానికి చాలాసేపు రుద్దాలి. అందుకని కచేరీకి నాలుగు రోజుల ముందైనా తీసుకోండి.

పికప్పు సంగతి ఇంకా నిరాశ కలిగించింది. బ్రిడ్జికి తగిలించే పియెజో పికప్పును బ్రిడ్జి రెక్కకు మరీ బిగించేశారు. గొంతు మూగబోయి, ముక్కుతో పాడినట్టు వచ్చింది. కొంత తప్పు గుడి మైకుసెట్టు కుర్రాళ్లదీ ఉంది. ఆ పికప్పును నేరుగా మిక్సరు మైకు గాడిలో పెడితే కింది స్వరాలన్నీ పోతాయి. మధ్యలో ప్రీ యాంప్ పెట్టె ఉండాలి, దాని ఇన్‌పుట్ నిరోధం (ఇంపెడెన్స్) ఒక మెగా ఓమ్ అయినా ఉండాలి. ఈ మాట కొట్టులో చెప్పలేదు, చెప్పాల్సింది. చిన్న సభల్లో పికప్పు మానేసి, మామూలు మైకునే పై పలకకు ఒక అడుగు దూరంలో, బ్రిడ్జికీ ఎఫ్ ఆకారపు రంధ్రానికీ మధ్యకు గురిపెట్టించుకుంటే మీ అసలు గొంతు వినిపిస్తుంది.

ఖర్చు చెప్పాలంటే, మొదటి వయొలిన్ పని మొత్తం, తీగలు కాకుండా, 3,200 రూపాయలు అయింది. రెండోదానికి అంతకంటే తక్కువ, అతుకు పని లేదు కాబట్టి. కమానుకు 900. రసీదు ఇవ్వరు, నోటు పుస్తకంలో రాసుకుంటారు. మీరే ఫోనులో వాయిద్యం నాలుగు వైపులా ఫొటోలు తీసి, లోపలి చీటీ కూడా కనపడేలా తీసి, ఇచ్చిన తేదీ రాసుకోండి. నాలుగైదు రోజుల పనికి వారం చెబుతారు, మామూలు రోజుల్లో మాట నిలబెట్టుకుంటారు. దసరా నుంచి సిరిమానోత్సవం దాకా, మళ్లీ ఆరాధనల ముందు పదిహేను రోజులు, మాట నిలవదు. శ్రీకాకుళం, రాజాం, బొబ్బిలి, పార్వతీపురం నుంచి కూడా వాయిద్యాలు వచ్చి పడతాయి. వానాకాలం చివర్లో ఒకసారి, పెద్ద ఎండలకు ముందు ఒకసారి తీసుకెళ్లడం మంచిది. వానల్లో పై పలక ఉబ్బి తీగల ఎత్తు పెరుగుతుంది, ఎండల్లో తగ్గుతుంది. మనకు వచ్చే తేడాలన్నీ ఈ రెండు కాలాల మధ్యే.

ఇవ్వబోయే ముందు మీరు చెప్పాల్సింది స్పష్టంగా చెప్పండి. ఏ శ్రుతికి ఎక్కువ వాయిస్తారు, పక్కవాద్యమా సోలోనా, ఏ తీగ మీద ఏ స్వరం దగ్గర మోత వస్తోంది, చేతికి చెమట పడుతుందా. ‘‘కొంచెం చూడండి బాబాయ్’’ అని ఇచ్చి వచ్చేస్తే వాళ్లు ఐదు శ్రుతి అనుకుని చేసేస్తారు. తీసుకునేటప్పుడు తంబురా యాప్ పెట్టుకుని, మీ శ్రుతిలో మాయామాళవగౌళ స్వరాలు మూడు స్థాయిల్లోనూ అక్కడే వాయించండి. ఆ తర్వాత ఇంట్లో మూడు రోజులు, రోజుకు గంట వాయించాక బ్రిడ్జి నిలువు మళ్లీ చూడండి. కొత్త బ్రిడ్జి మొదటి వారంలో కాస్త కదులుతుంది. రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ బ్రిడ్జి పైఅంచుకు రెండు వైపులా పట్టి, మోకాళ్ల మధ్య వాయిద్యం ఆనించుకుని, నెమ్మదిగా వెనక్కి లాగాలి. ఇది ఎలా చేయాలో అడిగితే కొడుకు ఓపిగ్గా చూపిస్తాడు, రెండుసార్లు మీచేతే చేయిస్తాడు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా కొట్టు మూసి ఉంటుంది. ఆదివారం తెరుస్తారు, మంగళవారం సెలవు. పెద్దాయన ఉదయం పూటే ఉంటారు, సౌండ్ పోస్టు పని ఆయన చేతే చేయించుకోండి.